మేనత్త కొలిచిన ఎండ

మొన్న గండిపేట దగ్గరి నర్సరీలో ఒక గులాబీ మొక్కను చేతిలోకి తీసుకున్నానో లేదో, అక్కడ పనిచేసే అమ్మాయి "సార్, మీ బాల్కనీల ఎండ ఎంతసేపు ఉంటది?" అని అడిగింది. బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరైన నాకు జవాబు తెలియలేదు. ఇలా నోరు మూతపడటం ఇది రెండోసారి. మొదటిసారి మూయించింది మా మేనత్త.

అత్తవాళ్లది మొయినాబాద్ దాటాక చేవెళ్ల రోడ్డు పక్కన చిన్న చేను. అందులో సగం గులాబీతోట. అంటు కట్టిన నాటి నుంచీ ప్రతి మొక్కా ఆమె చేతిలో పెరిగిందే. పొద్దున్నే తలకు తువాలు చుట్టుకుని ఆమె పూలు కోస్తుంటే ముళ్లు పక్కకు తప్పుకుంటున్నాయేమో అనిపించేది; మేం చెయ్యి పెడితే మాత్రం ఒక్కటీ తప్పుకునేది కాదు. కొన్నేళ్ల కిందట చేనుకు పడమటి హద్దు మీద పెద్ద ఫంక్షన్ హాల్ లేచింది. పెళ్లి పాటలతో అత్తకు పేచీ లేదు, పాట హుషారైనదైతే పూలు కోసే చేతులూ హుషారయ్యేవి. బాధంతా నీడతోనే. మధ్యాహ్నం అన్నం తిని లేచేసరికి హాల్ నీడ ఒక్కో సాలునే కప్పుకుంటూ తోటలోకి వచ్చేది. ఆ ఏడు గోడ పక్క గులాబీలు సన్నగా, పొడుగ్గా సాగి, తూర్పుకు మెడలు చాచాయి. ఆకులు పెరిగాయి, మొగ్గలు తగ్గాయి.

హాల్ యజమాని మర్యాదస్తుడే. కార్లు నిలుపుకోవడానికి ఆ చేను తనకే అమ్మమని కబురు పంపాడు. "నీడల ఏం పండుతది? ఇచ్చేద్దాం," అని మామ మెత్తబడ్డాడు. అత్తకు నచ్చజెప్పమని నన్ను పిలిపించాడు. నేను చాప మీద కూర్చుని, మొక్క వెలుతురుతోనే ఆహారం తయారుచేసుకుంటుందని, అది కరువైతే నీరసిస్తుందని క్లాసులో చెప్పినట్టే విడమరిచి చెప్పాను. అత్త చాయ్ కప్పు నా ముందు పెట్టి శ్రద్ధగా విన్నది.

"మంచిగ చెప్పినవ్ బిడ్డా. ఎంత గావాలె?"

"ఏది అత్తా?"

"వెలుతురే. గులాబీకి ఎంత, పుదీనకు ఎంత? అన్నిటికీ ఒక్క తీరుగనే గావాల్నా?"

ఏళ్ల తరబడి నల్లబల్ల మీద సూర్యుణ్ణి గీసి బాణాలు వేసినవాణ్ణి, చాయ్ కప్పు ఎత్తి ముఖం దాచుకున్నాను. మామ నవ్వాపుకోలేక వాకిట్లోకి వెళ్లిపోయాడు. అత్త కూర్చున్నచోటి నుంచే ఆయనకు కేకేసింది. "ఒక్క ఎండకాలం ఆగు. గప్పటికీ కాకుంటె నువ్వన్నట్టే చేద్దాం."

మర్నాడు వేపపుల్లల కట్ట ఒకటి నా చేతికిచ్చి చేలో నిలబెట్టింది. రోడ్డు మీద బస్సు పోయినప్పుడల్లా నేను నీడ అంచున ఒక పుల్ల గుచ్చాలి. ఆమె కోళ్లకు పుల్లలతో పని లేదు; అంచు ఎంత జరిగితే అవీ అంత జరిగి చల్లగా పడుకునేవి. అత్త గోడ పక్కన కూర్చుని నేల తడిమింది. "గరిక జూడు, ఎట్ల పల్చబడ్డదో. దీనికి ఎండ తక్కువైంది. బోరు కాడి పుదీన జూడు, గదీ నీడదే. ఆకెంత మెత్తగున్నదో!"

గోడ పక్క నాలుగు సాళ్ల గులాబీలు పీకేసి, అక్కడ కొత్తిమీర, పుదీన వేయాలని తేల్చింది. మొదటి మొక్క దగ్గర మాత్రం గడ్డపార పక్కన పెట్టి, చేతులతోనే మట్టి తీసి పెకలించింది. తర్వాత యజమాని దగ్గరికి వెళ్లి, గోడకు మావైపు సున్నం వేయించమంది. "తెల్లగుంటె పొద్దుటి ఎండ మళ్ల మా పూల మీదనే పడుతది సారూ." గొడవకు వచ్చిందనుకున్న ఆయన, ఆ వారమే వేయించాడు.

ఆ ఎండాకాలం మండిపోయింది. చుట్టుపక్కల కొత్తిమీర మాడిపోవడమో, ముందే పూతకు రావడమో జరిగింది. అత్త నాలుగు సాళ్లలో కొత్తిమీర, పుదీన నవనవలాడుతూ నిలిచాయి. మిగిలిన గులాబీలు మెడలు సర్దుకుని మళ్లీ మొగ్గ తొడిగాయి. ఒక మధ్యాహ్నం హాల్ వంటమాస్టర్ కొత్తిమీర తక్కువైందని గోడ మీంచి తొంగిచూశాడు. కట్ట అందుకుని వాసన చూసి, ఆ తర్వాత మార్కెట్ దారే మరిచిపోయాడు. మామ స్వయంగా యజమానికి ఫోన్ చేసి చెప్పాడు: "చేను అమ్మేది లేదు సార్. మీరు గూడ హాల్ కూలగొట్టకుండ్రి, మా కొత్తిమీర ఎండిపోతది."

బడిలో గంట కొడితేనే పూట మారిందనుకుని బతికాను. కాలం చప్పుడు లేకుండా మట్టి మీద జానెడు జానెడు నడుస్తుందని, అత్త పక్కన ఆ సాళ్ల మధ్య కూర్చున్న రోజే మొదటిసారి కళ్లారా చూశాను.