స్టోనీ పెద్దావిడకు చెప్పిన అబద్ధం

ఎన్నో ఏళ్ళుగా దీన్ని మోస్తున్నాను. నా భార్యకు కూడా తెలియదు. మీరెవరో తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నానేమో. ఒక పెద్దావిడకు తన తల్లిభాషే సరిగ్గా రాదని నేను నమ్మించాను.

అప్పుడు మేం కెనడాలోని కాల్గరీలో ఉండేవాళ్ళం. ఆ ఊరికి పడమర, కొండల దగ్గర స్టోనీ అనే భాష మాట్లాడే ఆదివాసులుంటారు. వాళ్ళ పిల్లలకు ఆ మాటలు వినిపించే యాప్ తయారుచేసే పని నాకు అప్పజెప్పారు. వాళ్ళలో ఆ పెద్దావిడ ఒక మధ్యాహ్నమంతా ఓపిగ్గా కూర్చుని మాటలు చెబితే, పక్కన మనవరాలు నవ్వుతూ వింది. అంతా రికార్డ్ చేసుకున్నాను. తర్వాత నా అజాగ్రత్త వల్ల సగం రికార్డింగులు చెరిగిపోయాయి.

మళ్ళీ అడిగితే చెప్పేదే. అడగడానికి నాకు నామోషీ. స్టోనీకి దగ్గర చుట్టమైన, పక్క రాష్ట్రం సస్కాచెవాన్‌లో మాట్లాడే అసినిబోయిన్ భాష రికార్డింగులు దొరికితే, ఖాళీల్లో అవి పెట్టేశాను. పక్క జిల్లా యాస లాంటిదే కదా, ఎవరు పట్టుకుంటారులే అనుకున్నాను. నా తెలంగాణ యాసను ఎవరైనా సరిదిద్దబోతే కస్సుమని లేచేవాణ్ణి, నేనే!

ఆవిడ పట్టుకుంది. యాప్ తయారయ్యాక వినిపిస్తే, తల అడ్డంగా ఊపింది.

"ఇది మేం అనే మాట కాదు బాబూ. సస్కాచెవాన్ వైపు వాళ్ళది."

"లేదండీ, భాష చదివినవాళ్ళు చూశారు. ఇదే కరెక్టట," అన్నాను. ఎవరూ చూడలేదు.

"అలాగా... అయితే నేనే మరిచిపోయుంటాను," అంది.

చిన్నప్పుడు బడిలో ఆ భాష మాట్లాడినందుకు దెబ్బలు తిన్న మనిషి. అయినా దాన్ని వదలకుండా ఇన్నాళ్ళూ కాపాడుకుంది. ఆ దెబ్బలు చేయలేని పని నా ఒక్క అబద్ధం చేసింది. అప్పుడే నిజం ఒప్పుకుని ఉంటే ఏం పోయేది? ఉద్యోగమా? కాదు. కాస్త పరువు. అంతే.

తర్వాత మేం అక్కణ్ణుంచి దూరంగా, వాటర్లూ అనే ఊరికి వచ్చేశాం. ఆవిడ పోయిందని ఈమధ్యే తెలిసింది. నిన్న ఆ మనవరాలికి ఫోన్ చేసి అంతా చెప్పేశాను. యాప్‌లో ఏ మాటలు వాళ్ళవి కావో కూడా చెప్పాను. తప్పులు నేర్పుతానేమోనన్న భయంతో అమ్మమ్మ ఆ తర్వాత తనతో ఇంగ్లీషులోనే మాట్లాడిందని చెప్పి, ఫోన్ పెట్టేసింది. క్షమించానని అనలేదు. అనమని నేనూ అడగలేదు.

సిగ్గుగా ఉంది. కానీ, దాచడమెందుకు, హాయిగా కూడా ఉంది. ఈ హాయికి నేను తగినవాణ్ణేనా? తెలియదు. రాత్రి అన్నం రుచి తెలిసింది, కంటినిండా నిద్రపట్టింది. ఆవిడ ఏమీ మరిచిపోలేదు. ఆ సంగతి ఇప్పుడు ఆ పిల్లకు తెలుసు.