పాటలో పట్టని మాట

మొయినాబాద్‌లో బస్సు దిగి ఆటో కోసం నిలబడి ఉంటే, వెనక సందులోంచి వార్నిష్ వాసన వచ్చింది. కాలిపోయిన మోటరుకు కొత్త రాగితీగ చుట్టి, వార్నిష్ పోసి, వేడికి ఆరబెట్టేటప్పుడు వచ్చే ఘాటు వాసన అది. పక్కనున్న కాలేజీ పిల్ల చున్నీతో ముక్కు మూసుకుంది. నేను మాత్రం సిగ్గు లేకుండా ఇంకో రెండుసార్లు గట్టిగా పీల్చాను. నేను పంచాయతి కార్యదర్శిని. ఆ రోజు రిజిస్టరులో ఎక్కించాల్సిన ఒక మరణం తాలూకు కాగితం నా సంచిలో ఉంది. అది మోటరు నర్సింలన్నది. ఆ వాసన పీలుస్తున్నంతసేపూ కాగితం అబద్ధమేమో అనిపించింది. అబద్ధమైతే ఎంత బాగుండు!

మీలో చాలామంది ఆయనను చూసి ఉండరు. నలభై ఏళ్లకు పైగా పాటలు కట్టి పాడినా టీవీలో కనబడలేదు, సినిమాకు పోలేదు. ఇప్పుడు నేను పనిచేస్తున్న ఊరే ఆయన సొంతూరు. పొద్దున్నే స్కూటరు మీద చేవెళ్ల పోయి, బస్టాండు వెనక ఒక రేకుల షెడ్డులో మోటర్లు బాగుచేసేవాడు. చుట్టుపక్కల ఏ ఊళ్లో మీటింగయినా, పెళ్లయినా, చావయినా ఆయన పాట ఉండాల్సిందే. మా తాత, మా బాపు, నేను, ముగ్గురమూ ఆయనను అన్న అనే పిలిచాం. వరస కలపబోతే తల తిరుగుతుంది. మా చిన్నప్పుడు ఒక పడుచు రైతు తడి చేతులతో స్టార్టరు ముట్టి ప్రాణం పోగొట్టుకున్నాడు. అప్పుడు నర్సింలన్న కట్టిన పాట మా ఆడవాళ్ల నోళ్లలో నాటుకుపోయింది. “స్టార్టరు కాడ పైలం మామా, నా పుస్తె పైలం మామా” అని కలుపు తీస్తూ పాడేవాళ్లు. స్టార్టరు డబ్బా మీది పుర్రె బొమ్మను ఎవరూ లెక్కచేయలేదు గానీ, పాటను లెక్కచేశారు. మా బాపు మోటరు వేయడానికి బయలుదేరితే చాలు, మా అవ్వ, అంటే మా అమ్మ, అరుగు మీంచే ఆ పాట ఎత్తుకునేది. “పోతున్ననే తల్లీ, ఆపు నీ కచేరి” అనేవాడు బాపు. అంటూనే తువ్వాలతో చేతులు తుడుచుకునేవాడు. ఆ పాట ఎన్ని చేతులు తుడిపించిందో ఎవరు చెప్పగలరు.

అలాంటి మనిషి మీద నాకు పదహారేళ్ల వయసులో పట్టరాని కోపం వచ్చింది. మా ఊరు ఆలూరు అవతల. అప్పుడప్పుడే పట్నపోళ్లు కార్లలో వచ్చి చెలకలు కొనడం మొదలైంది. భూములు పోతున్నాయని నర్సింలన్న ఒక పాట కట్టాడు. ఊరూరికీ ఒక చరణం, ఆ ఊళ్లో మొదట అమ్మిన మనిషి పేరుతో. మా ఊరి చరణం “ముందుగాల అమ్మినోడు మల్లయ్యే గదనే” అని మొదలవుతుంది. అక్కడే వచ్చింది చిక్కు. మా ఊళ్లో ముందు అమ్మి పట్నం పోయింది చిన్న మల్లయ్య. ఉత్త మల్లయ్య అంటే మా బాపు. బాపు అప్పటికి జానెడు నేల కూడా అమ్మలేదు. సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. అయినా పాట నోటికి బాగుందాయె, పిల్లలు బాపును చూసినప్పుడల్లా అందుకునేవాళ్లు. పక్క ఊళ్లవాళ్లయితే నిజమనే నమ్మారు. చుట్టాల పెళ్లిలో బ్యాండువాళ్లు ఆ వరస వాయిస్తే, బంతిలో కూర్చున్న బాపు సగం తిన్న విస్తరి ముందునుంచి లేచి వచ్చేశాడు. ఆ మర్నాటి నుంచి పాలకేంద్రానికి పోవడం మానేశాడు. పాల క్యాను అవ్వ చేతికి ఇచ్చి, ఎవరూ లేవకముందే చెలక దారి పట్టేవాడు. “పాటే గదా, ఊకో బిడ్డా” అంది అవ్వ నాతో. నేను ఊకోలేదు.

చేవెళ్లలో ఇంటర్ చదువుతున్నాను. కాలేజీ విడవగానే పుస్తకాల సంచీతోనే ఆ షెడ్డులోకి దూసుకుపోయాను. ఆయన చెక్క అచ్చు మీద తీగ చుడుతూ, ఏదో పాట సన్నగా పాడుకుంటున్నాడు. “నువ్వేనా మా బాపు మీద పాట గట్టింది?” అని అరిచాను. ఆయన ఒక వేలు పైకెత్తి, ఆగమన్నట్టు చూపించి, పాట ఆపకుండా చుడుతూనే ఉన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. తరవాత తెలిసింది, ఆయన చుట్లు లెక్కపెట్టేది పాటతోనే అని. చరణం పూర్తయితే ఇన్ని చుట్లు పడ్డట్టు. పాట ముగించి, తీగ కత్తిరించి, అప్పుడు నా వైపు తిరిగాడు.

“లెక్క తప్పితే మోటరు మళ్ల కాలుతది బిడ్డా, ఏమనుకోకు. ఎవలి బిడ్డవు?”

“మల్లయ్య బిడ్డను. చిన్న మల్లయ్య కాదు, మల్లయ్య!”

ఆయన ముఖంలో రంగు మారడం నేను చూశాను. చేతిలోని కత్తెర కింద పెట్టాడు. “చిన్న అనే మాట పాటల పట్టలేదు బిడ్డా. తాళం తప్పుతున్నదని తీసేసిన” అన్నాడు.

“నీ తాళం సక్కగనే ఉన్నది. మా బాపే తల ఎత్తుకుంటలేడు” అన్నాను. అనేసి అక్కడే, ఆ నూనె మరకల బల్ల మీద తల పెట్టి ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు, వాదించలేదు. నీళ్ల గ్లాసు నా పక్కన పెట్టి, “ఐతారం వస్త” అన్నాడు.

ఆదివారం అన్నట్టే వచ్చాడు. ముందు మా ఇంటికి వచ్చి, “మల్లన్నా, తప్పయింది” అని బాపు రెండు చేతులూ పట్టుకున్నాడు. తరవాత పాలకేంద్రం దగ్గర, అందరూ క్యాన్లతో నిలబడ్డ వేళ, తప్పు ఒప్పుకొని అదే పాట ‘చిన్న’ కలిపి పాడాడు. పాట కుంటింది. పిల్లలు కిసుక్కున నవ్వారు. రెండో రోజుకు మళ్లీ పాత చరణమే పాడారు. నేను మళ్లీ షెడ్డుకు పోయి చెబితే ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. “తప్పయిందని నేను జెప్తే వాళ్లు విన్నరు. గని నోట్లకు ఎక్కిన పాట గట్ల పోతదా? దానికంటె మంచిది కట్టియ్యాలె. మీ బాపు గురించి జర చెప్పు.”

రోజూ కాలేజీ విడవగానే పోయి చెప్పేదాన్ని. మా బాపు చాలా మంచివాడు, ఎవరినీ మోసం చేయడు, మాట తప్పడు అని వర్ణించాను. ఆయన తీగ చుడుతూనే తల అడ్డంగా ఊపేవాడు. “ఎవల బాపు వాళ్లకు మంచోడే. మీ బాపు ఏం జేస్తడో చెప్పు.” నాకు విసుగొచ్చింది. ఒకనాడు విసుగులోనే అన్నాను: “ఏం జేస్తడు? ఎండల కాళ్లు కాల్చుకుంటడు. చెలకకు పోంగనె ఒడ్డు మీద చెప్పులు ఇడుస్తడు. ముండ్లున్నయి, ఏసుకో బాపూ అంటె ఇనడు.”

తీగ ఆగిపోయింది. నేను చూసినంతలో ఆయన లెక్క తప్పింది ఆ ఒక్కరోజే. “ఏందీ? మళ్ల చెప్పు!” అన్నాడు. చుట్టిన చుట్టంతా విప్పుకుంటూ, విప్పుకుంటూనే పాట కట్టాడు.

“ఒడ్డు మీద చెప్పులిడిసె మల్లయ్య, మా మల్లయ్య,
ఒట్టి కాళ్ల మన్ను దొక్కె మల్లయ్య.”

పాతది తీసేసి దీన్ని పెట్టాడు. చిన్న మల్లయ్య పేరు కూడా ఎక్కడా లేదు. ఎందుకని అడిగితే, “ఆయనకు ఏం తిప్పలొచ్చి అమ్మిండో నేనడిగిన్నా?” అన్నాడు. మిగతా ఊళ్ల చరణాల్లోంచి కూడా అమ్మినవాళ్ల పేర్లన్నీ తీసేశాడు. ఎక్కడ పాత చరణం పాడాడో ఆ ప్రతి ఊరికీ పోయి కొత్తది పాడాడు. ఏడాది పట్టింది. “నీ గొంతు లావు, అరుసుడు బాగొచ్చు, కోరస్‌కు రా” అని నన్నూ వెంట తీసుకుపోయాడు. ఒక పొద్దున బాపు క్యాను తనే పట్టుకొని పాలకేంద్రానికి బయలుదేరితే, అవ్వ చీరె కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. దారిలో పిల్లలు “ఒడ్డు మీద చెప్పులిడిసె” అని పాడుతుంటే బాపు, “సాలు తియ్యిండ్రిరా, బడికి పోండ్రి” అని కసురుకున్నాడట. కసురుకుంటూ నవ్వాడట.

చాలా ఏళ్ల తరవాత బాపు నిజంగానే అమ్మాడు. మా చెలకకు రెండు పక్కలా ఫామ్‌హౌసుల గోడలు లేచాయి, దారి మూసుకుపోయింది, బోరు ఎండింది. ఇంకేం చేస్తాడు? కాగితాల మీద వేలిముద్ర వేసిన మూడోనాడు, “నన్ను నర్సింలన్న తానకు తీస్కపో” అన్నాడు. షెడ్డులో బల్ల మీద కూర్చొని, తల వంచుకొని చెప్పాడు.

“అన్నా, అప్పుడంటె అబద్ధం. ఇప్పుడు నిజంగనే అమ్మిన. పాటలకెల్లి నా పేరు తీసెయ్యి.”

నర్సింలన్న అప్పటికి ముసలివాడయ్యాడు, గొంతు జీరబోయింది. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “ఒక్కటడుగుత మల్లన్నా. ఆఖరుసారి చెలకల దిగినప్పుడు చెప్పులు ఏస్కొని దిగినవా?”

“గదేందన్నా, చెప్పులతోని ఎట్ల దిగుత?”

“మరి పాట ఏం అబద్ధమాడింది? ఉండనియ్యి.”

బాపు ఏడ్చాడు. నా ఎరుకలో ఆయన నలుగురి ముందు ఏడ్చింది అదొక్కసారే. నర్సింలన్న బాపు భుజం మీద చెయ్యి వేసి, టీ వచ్చేదాకా అట్లాగే కూర్చున్నాడు.

ఆ రోజు నేను ఆఫీసుకు చేరేసరికి నర్సింలన్న కూతురు లక్ష్మి బల్ల ముందు కూర్చొని ఉంది. గుమ్మంలో అదే ఊరి ఇంకో నర్సింలు, మేకల నర్సింలు, చేతులు కట్టుకొని నిలబడ్డాడు. “మేడం, జర సూసి రాయిండ్రి. ఆయన బదులు నన్ను సంపితే నా రేషన్ బంద్ అయితది” అన్నాడు. తడి కళ్లతోనే లక్ష్మి నవ్వింది. నాకూ నవ్వు ఆగలేదు. మా ఆఫీసులో నా మీద ఒక జోకు ఉంది. చిన్న అయినా పెద్ద అయినా, ఎవరి పేరులో ఏ మాటా నేను వదలనని, నా పేజీ చీమలబారులా ఉంటుందని. ఎందుకో వాళ్లకు ఎప్పుడూ చెప్పలేదు.

రిజిస్టరు తెరిచాను. ఆధార్ కార్డులో ఉన్నది ఉత్త నర్సింలు. గడికి సరిగ్గా సరిపోతుంది. నేను ‘నర్సింలు, అలియాస్ మోటరు నర్సింలు’ అని రాశాను. వృత్తి దగ్గర ‘మోటరు వైండింగ్’ అని రాసి, కామా పెట్టి, ‘పాటలు కట్టుట’ అని మొదలుపెట్టాను.

“మేడం, గడిల పడుతలేదు” అంది లక్ష్మి ముందుకు వంగి.

“పట్టకుంటె గీత దాటుతది లక్ష్మీ. పట్టలేదని మాట తీసేస్తె మీ బాపు మళ్ల ఊరూరు తిరగాలె.”

లక్ష్మి పేజీ కదలకుండా అంచు మీద చెయ్యి పెట్టి పట్టుకుంది. నేను పూర్తిగా రాశాను.