ఎవరూ లేని పిల్లల ఇల్లు

నిన్న మా మనవరాలు బడి నుంచి ఒక చీటీ తెచ్చింది. నాగర్‌కర్నూలు బయట ఉన్న అనాథ పిల్లల ఆశ్రమానికి ప్రతి విద్యార్థీ పిడికెడు బియ్యం తేవాలట. మా కోడలు గ్లాసుతో కొలిచి పోయబోతే ఆ పిల్ల ఒప్పుకోక, పిడికెడంటే పిడికెడేనని తన చిన్న చేయి డబ్బాలో పెట్టి, వేళ్ల సందుల్లోంచి జారినవి జారగా మిగిలినవి సంచిలో వేసుకుంది. నేను పక్కనే కూర్చుని చూస్తున్నాను. చాయ్ చల్లారిపోతోందని కోడలు రెండుసార్లు చెప్పిందట, నాకు వినిపించలేదు. ఈ వయసులో చెవుడు ఒక సౌకర్యం, అందరూ తప్పంతా దాని మీదికే తోసేస్తారు.

నా ఈడు వాళ్లు, ముఖ్యంగా గద్వాల, వనపర్తి వైపు వాళ్లు, పిడికెడు గురిగిని మరచిపోయి ఉండరు. ఆ రోజుల్లో మాకు వరి అన్నం పండుగ పూట మాట, మిగతా రోజులన్నీ జొన్న రొట్టే కాబట్టి, ఆ గురిగిలో పడేవి జొన్నలు. పొద్దున్నే ఇసుర్రాయి ముందు కూర్చున్న ఇల్లాలు, రాతిలో గింజలు పోయకముందే మొదటి పిడికెడు పక్కనున్న చిన్న మట్టి గురిగిలో వేసేది. ప్రతి గురువారం, మా మాటలో బేస్తారం నాడు, మేము, అంటే గద్వాలలో ఎవరూ లేని పిల్లల ఇల్లని పేరుపడ్డ చోట ఉండే పిల్లలం, ఇద్దరిద్దరుగా సంచులు పట్టుకుని వీధులు తిరిగి, ఆ గురుగులు ఒంపించుకుని వచ్చేవాళ్లం. తెల్లవి, పచ్చవి, ఎర్రవి, ఎవరి చేనులో పండినవి వాళ్లు వేసేవారు గనుక, మా రొట్టెలు ఏ రంగో చెప్పలేని రంగులో ఉండేవి. వాటిని గద్వాల చీర అంచులని వెక్కిరించుకుంటూనే ఒక్క ముక్క మిగల్చకుండా తినేవాళ్లం.

ఆ ఇల్లు పెట్టింది ఒక వకీలు గారు. గత్తర, అదే కలరా, వచ్చి ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయిన ఏడు, గద్వాల స్టేషను ముసాఫిర్‌ఖానాలో పడుకునే పిల్లలు ఎక్కువయ్యారు. ఆయన కచేరీ పని మీద రైలెక్కడానికి వచ్చినప్పుడల్లా మమ్మల్ని దాటుకుంటూ పోవలసి వచ్చేది. చివరికి ఒకనాడు రైలెక్కకుండానే తిరిగిపోయి, బట్టల దుకాణం సాహెబును బతిమాలి, ఆయన ఖాళీగా ఉంచిన గోదామును అడిగి తీసుకున్నారని చెప్పుకునేవారు. మమ్మల్ని కనిపెట్టుకుని ఉండడానికి ఒక పంతులు గారిని కూడా కుదిర్చారు. గోదాములో పదిహేను చాపలు పడతాయి, స్టేషనులో పిల్లలు అంతకు రెండింతలు. అందుకని తల్లిగాని తండ్రిగాని దగ్గరున్న పిల్లవాణ్ని తీసుకోకూడదని ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. అది తప్పని నేను ఏనాడూ అనుకోలేదు, ఉన్నవి పదిహేను చాపలే కదా.

నాకు తల్లి ఉంది.

ఆత్మకూరు దగ్గరి మా ఊళ్లో నాన్న గత్తరకు పోయాక, కౌలు చేనూ, చేని గట్టున ఉన్న గుడిసే ఆసామి వెనక్కి తీసుకున్నాడు. అమ్మ నన్ను వెంటపెట్టుకుని, పుట్టిలో కృష్ణ దాటి, నడుచుకుంటూ గద్వాల వచ్చి, ఒక నూలు వ్యాపారి ఇంట్లో జొన్నలు విసిరే పనికి కుదిరింది. వాళ్లు పశువుల కొట్టం పక్కన ఆమెకు పడుకునే చోటిచ్చారు గాని, పదేళ్ల వాడు కూడా అంటే కుదరదన్నారు. నేను స్టేషను చేరాను. వకీలు గారు పిల్లలను ఎంచుకుంటున్నారని విని అమ్మ స్టేషనుకు వచ్చి, నా జుట్టు తడిపి దువ్వి, "ఎవరన్నడిగితె నాకెవ్వరు లేరని చెప్పు బిడ్డ. నన్ను యాదిచేసుకొని ఏడ్వకు, ఏడిస్తె తెలుస్తది" అంది. నేను అలాగే చెప్పాను, ఏడవలేదు. పెద్ద పుస్తకంలో నా పేరు పక్కన తల్లీ తండ్రీ ఇద్దరూ లేరని ఉర్దూలో రాసుకున్నారు. ఆనాడు బలవంతాన ఆపుకున్న ఏడుపు మళ్లీ ఎప్పుడూ నా దాకా రాలేదు.

ఆ నూలు వ్యాపారి ఇల్లు నా వంతు వీధిలోనే పడింది. బేస్తారం నాడు గురిగి తెచ్చి ఒంపేది అమ్మే. గడపలో ఇల్లాలు నిలబడి ఉంటుంది, నా వెంట జతగాడొకడు ఉంటాడు. అమ్మ నా మొహం చూడకుండా సంచి మూతినే చూస్తూ జొన్నలు ఒంపి, ఒక్క గింజ మిగలకుండా గురిగి అడుగున రెండుసార్లు తట్టి లోపలికి పోయేది. మొదట్లో వీధి మలుపు దాకా వెనక్కి తిరిగి చూస్తుండేవాణ్ని. నాలుగైదు వారాలకు అదీ పోయింది. ఆమె ఆ ఇంట్లో విసిరే మనిషి, నేను సంచి పట్టుకునే పిల్లవాణ్ని, అంతవరకే.

ఏడాది గడిచి మళ్లీ వానలు మొదలయ్యాక ఒక బేస్తారం, గురిగి ఇల్లాలే తెచ్చింది. ఒంపి, మమ్మల్ని ఆగమంది.

"మా ఇసిరేటామెకు జరమొచ్చి నాల్గు దినాలాయె. దవాఖానకు తీస్కపోయినం, లాభం లేదన్నరు. కొడుకున్నడు, టేషన్ల ఉంటడు, జర పిలువుండ్రని ఒకటే కలవరిస్తుంది. మీరు టేషన్ల నుంచి వచ్చినోళ్లే గద, ఎవరో ఏందో మీకు తెల్సా?"

నా జతగాడు తెల్వదన్నాడు. నేను అడిగి చూస్తానన్నాను.

కొట్టం వైపు నుంచి దగ్గు వినిపిస్తోంది. ఆ కొడుకును నేనేనని ఒక్క మాట అంటే నాలుగడుగుల్లో అమ్మ ఉంది. అన్నానా, సాయంత్రానికి నా చాప ఇంకొకడిదవుతుంది, నాకు మళ్లీ స్టేషనే. పదకొండేళ్ల వాడు ఇంత లెక్కగా ఆలోచించాడా అని మీకు అనుమానం రావచ్చు. ఆలోచించాను. స్టేషనులో వానాకాలం ఎలా గడుస్తుందో ఎరిగినవాడికి ఆ ఆలోచన దానంతటదే వస్తుంది. మిగిలిన ఇళ్లు తిరిగి, సంచి నింపుకుని, వచ్చే దారిలో ఆ గడప ముందు ఆగి, ఆ కొడుకెవరో దొరకలేదని గట్టిగానే చెప్పాను. స్టేషను వైపు పోనైనా పోలేదు.

మరునాడు పొద్దున ఆమె పోయింది. దిక్కులేని శవమని నూలు వ్యాపారి మా పంతులు గారికి కబురు పెట్టాడు, అలాంటి పనులకు కట్టెలు మోసేది మేమే. కొరివి పట్టేది ఎవరన్న మాట వచ్చింది. తండ్రి బతికుండగా పరాయివాళ్లకు కొరివి పట్టకూడదని మావైపు పట్టింపు. మాలో కొందరి తండ్రులు దేశాలు పట్టి పోయినవాళ్లు, ఉన్నారో లేరో ఎవరికీ తెలియదు. పంతులు గారు పుస్తకం తిరగేసి, "నీకైతె ఎవ్వరు లేరు, పక్కాగ రాసుంది. నువ్వు పట్టు బిడ్డ, పున్నెమొస్తది" అన్నారు.

అలా మా అమ్మకు నేనే కొరివి పెట్టాను, పరాయి పిల్లవాడిగా. ఏమనిపించిందని అడిగితే ఏమీ అనిపించలేదనే చెప్పాలి. కట్టెలు తడిసి ఉండడంతో అంటుకోవడానికి చాలాసేపు పట్టింది. పొగకు అందరి కళ్లలోనూ నీళ్లు వచ్చాయి, నాకూ వచ్చాయి. స్నానం చేసి వచ్చాక పంతులు గారు నాకు ఒక రొట్టె ఎక్కువ పెట్టించారు. తిన్నాను.

ఆ ఇంట్లోనే ఉండి చదువు ముగించుకుని, తహసీలు కచేరీలో నౌకరీ సంపాదించి, పెళ్లి చేసుకుని, పిల్లల్ని కని, మర్యాదగానే బతికాను. ఆ పదిహేను చాపల్లో ఒకటి నాకు దక్కకపోతే ఇదేదీ లేదు, వకీలు గారి రుణం నేను మరచిపోలేదు. చదువుకున్నన్నాళ్లూ ఆ నూలు వ్యాపారి భార్య గురిగి ఒంపుతూ అప్పుడప్పుడు, "ఆ కొడుకు ఎసొంటోడో గని, తల్లి సచ్చినా రాకపాయె" అనేది. నేను సంచి మూతి ఇంకాస్త వెడల్పుగా పట్టుకునేవాణ్ని. పంతులు గారికి చెప్పలేదు, తర్వాత నా భార్యకూ చెప్పలేదు. ఇదే మొదటిసారి చెప్పడం.

ఇప్పుడు ఊరూరా హాస్టళ్లున్నాయి. చేరే కాగితంలో తల్లి పేరు రాయడానికి ఒక గీత ఉంటుంది. మా వీధి మలుపులో ఉన్న హాస్టలుకు ఆదివారం నాడు తల్లులు టిఫిను డబ్బాలతో వచ్చి, గేటు బయట నిలబడి, తమ పిల్లల పేర్లు వీధంతా వినపడేలా పిలుస్తారు. వాళ్లను ఎవరూ పొమ్మనరు. రోజులు మంచికే మారాయి, కాదనను. నేను మా అరుగు మీద కూర్చుని ఆ పిలుపులు వింటూ, ఈ చెవుడులో కూడా అవి ఎంత స్పష్టంగా వినిపిస్తాయో అనుకుంటాను. ఆనాడు కొట్టంలోంచి దగ్గు నాకు వినిపించిందంటే, కొడుకెవరో దొరకలేదని గడపలో నిలబడి చెప్పిన నా గొంతు అమ్మకూ వినిపించే ఉంటుంది.