ఎడమకి, కిందికి

ఆ సాయంత్రం మావయ్య షెడ్డులో ఉన్నవి ఇవి. ఎయిర్ పిస్తోలు ఒకటి, అరువుది. అందులో వేసే సీసం గుళ్ళది, అంటే పెల్లెట్లది, సగం ఖాళీ అయిన డబ్బా. ఈ చివర నేల మీద సుద్దతో గీసిన గీత, అక్కడికి పది మీటర్ల దూరంలో ఇసుక బస్తాల గోడ, ఆ గోడకి ఆనించిన చెక్క మీద కాగితపు టార్గెట్. టార్గెట్ మీదికి వంచిన ఎల్‌ఈడీ లైటు. ఎడమ గోడ వారగా జీడిపిక్కలు కోసే మిషన్లు నాలుగు, ఆదివారం కాబట్టి గుడ్డలు కప్పి ఉన్నాయి. మనుషులు ముగ్గురు: మా మేనమామ కూతురు, మా అత్త, నేను. బస్తాల వైపు తలుపుకి లోపల్నించి గడియ. ఆ గడియ పడకుండా పిస్తోలు పెట్టెలోంచి తీయకూడదని మా నియమం.

మావయ్యది పలాస పొలిమేరలో చిన్న జీడి ఫ్యాక్టరీ. నేను మెకానికల్ డిప్లొమా చదివి, ఆ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో మిషన్లు బాగుచేస్తుంటాను. మరదలు టెక్కలిలో డిగ్రీ చదువుతోంది. సెలవుల్లో అత్తతో పాటు కోత మిషను మీద కూర్చుంటుంది. టెక్కలిలో ఒక సార్ అద్దె హాల్లో షూటింగ్ నేర్పుతాడు. బారువ దగ్గర చేపలు పట్టే ఇంట పుట్టి, మిలిటరీలో చేసి వచ్చినాయన. ఆయన దగ్గర పోటీకి పనికొచ్చే పిస్తోలు ఒక్కటే ఉంది. రాష్ట్ర పోటీలకి ఒక్క అమ్మాయినే పంపగలడు. వచ్చే ఆదివారం పరీక్ష పెడతానన్నాడు. టార్గెట్ నట్టనడుమ పడిన షాట్‌కి పది, బయటికి ఒక్కో వలయం జరిగితే ఒక్కోటి తక్కువ. అరవై షాట్లకి ఐదు వందల ఇరవై వస్తే పిస్తోలూ పోటీ చోటూ మరదలివి. రాకపోతే పెట్టెతో సహా తెచ్చి ఇచ్చేయాలి, అవి ఇంకో అమ్మాయికి వెళ్తాయి.

మరదలికి ఐదు వందల అయిదు దాటడం లేదు. ఆమె ఎంత ఆశపడుతోందో నోటితో చెప్పలేదు. కానీ పెట్టెని మంచం కింద కాకుండా బీరువాలో, తన కొత్త చీరల పక్కన పెట్టుకునేది.

నేను ముందు చేసిన పని చిల్లులు లెక్కపెట్టడం. ఒక పూట కొట్టిన అరవైలో ముప్పై నాలుగు మధ్యకి ఎడమగా, కిందుగా పడ్డాయి. తప్పు అన్ని వైపులా చెదిరి ఉంటే వెతకడం కష్టం. ఒకే వైపు ఉంటే దానికో కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. అలా అనుకుని నాకు తెలిసిన విద్య చేశాను. పిస్తోలు మీద గురి చూసే వెనక సైటు మర కుడికి రెండు క్లిక్కులు, పైకి మూడు క్లిక్కులు తిప్పాను. దాంతో మంచి షాట్లు కుడికి, పైకి పోయాయి. చెడ్డవి కొన్ని మధ్యలో పడ్డాయి. మొత్తం ఇంకా తగ్గింది.

"బావా, ఇప్పుడు తప్పు కొడితే పది వత్తంది, సరిగ్గా కొడితే ఏడు వత్తంది," అంది మరదలు. "ఏటి సేత్తే ఇలాగైందో కాస్త సెప్పు, మళ్ళీ ఎవులికీ సెయ్యకుండా."

సార్‌కి ఫోన్ చేశాం. ఆయన తిట్టలేదు. "చిల్లులన్నీ ఒక్కచోట గుంపుగా పడితేనే సైటు ముట్టుకో. గుంపే లేనప్పుడు సైటు కాదు, మనిషిని చూడు," అన్నాడు. మరలు మొదటి చోటికి తిప్పేశాను.

తర్వాత వరసగా చూసుకుంటూ వచ్చాను. మొదట పిస్తోలు. గీత దగ్గర స్టూలు మీద ఒక ఇసుక బస్తా పెట్టి, మణికట్టు దాని మీద ఆనించి నేనే పది కొట్టాను. రూపాయి బిళ్ళంత చోట, మధ్యలోనే పడ్డాయి. పిస్తోలు తప్పు లేదు. తర్వాత కళ్ళు. ముందు సైటు స్పష్టంగా, టార్గెట్ మసగ్గా కనిపించాలి. ఆమెకి అలాగే కనిపిస్తోంది. ఊపిరి సగం వదిలి ఆపుతోంది, అదీ సరే. ఆఖరికి ఫోను స్టూలు మీద పెట్టి, ఆమె చేతిని స్లో మోషన్లో వీడియో తీశాను.

అందులో దొరికింది. ట్రిగ్గర్ మీది వేలు ఒక్కటే వెనక్కి రావాలి. మిగతా మూడు వేళ్ళూ మొదట ఎంత బిగువుగా పట్టుకున్నాయో చివరిదాకా అంతే బిగువుగా ఉండాలి. ఈమెకి నాలుగు వేళ్ళూ ఒక్కసారే మూసుకుంటున్నాయి, తడిగుడ్డ పిండినట్టు. కుడిచేత్తో అలా పిండితే గొట్టం మొన ఎడమకి, కిందికి దిగుతుంది. వెంట్రుకవాసి చాలు, పది మీటర్ల అవతల రెండు వలయాలు పోతాయి.

దీనికి మందు పాతదే. పెల్లెట్ వేయకుండా, గొట్టం మీద ఏదైనా నిలబెట్టి, అది పడకుండా ట్రిగ్గర్ నొక్కడం నేర్చుకోవాలి. నాణెం పెడతారు. మా షెడ్డులో నాణేల కంటే జీడిబద్దలు ఎక్కువ. బద్దకి ఒక పక్క చదునుగా ఉంటుంది, గొట్టం మీద చక్కగా కూర్చుంటుంది. పడిన బద్ద ఆమె తినేయొచ్చు. అది ఆమె పెట్టిన షరతు.

మొదటి రోజు అత్త చేట పట్టుకుని వచ్చి చూసింది.

"ఓలమ్మా, ఇదేటి ఆట? నిలబెట్టి నిలబెట్టి అరకేజీ మింగీసింది."

"అది పరీక్ష అత్తా. పడితే తప్పు, నిలిస్తే ఒప్పు."

"తప్పు సేసినోళ్ళకి జీడిపప్పు ఎట్టే పరీక్ష మా కాలంలో నేదు," అంది అత్త. "ఉంటే నానూ సదివీదాన్ని."

మర్నాటి నుంచి పడిన బద్ద నేను తినేలా మార్చాం. రెండు రోజులు తిరిగేసరికి నాకు తినడానికి పెద్దగా మిగల్లేదు. చెయ్యి నిలకడకి వచ్చింది. మళ్ళీ పెల్లెట్లు వేసి కొడితే ఐదు వందల పన్నెండు. అక్కడ ఆగిపోయింది. బద్ద కదలకుండా నొక్కే మనిషికి పెల్లెట్ వేయగానే ఇంకా ఎడమకి, కిందికి ఎందుకు పోతోందో నాకు అంతుపట్టలేదు. మధ్యలో ఒక్క గురువారమే ఆమె కొట్టలేదు. ఆ రోజు పిక్కల లోడు వచ్చి, పొద్దున్నించి చీకటిపడేదాకా కోత మిషను మీదే ఉంది. శుక్రవారం కొడితే ఐదు వందల నాలుగు. మొదలుపెట్టిన చోటికి వచ్చేశాం.

ఆమె పిస్తోలు పెట్టెలో పెట్టి, మూత వేసి, మిషను పక్క స్టూలు మీద కూర్చుంది. కాసేపటికి కుడికాలు ఒత్తుకుంటూ అంది. "ఇచ్చీద్దాం బావా. రెండ్రోజుల ముందే ఇచ్చీత్తే ఆ పిల్లైనా పాక్టీసు సేసుకుంటాది."

"కాలేమైంది?"

"ఏటీ నేదు. కొట్టినప్పుడల్లా కుడికాలు లాగేత్తాది. నిలబడి నిలబడి."

నిలబడి ఉంటే రెండు కాళ్ళూ లాగాలి. ఒక్కటే ఎందుకు లాగుతోంది? నేను గీత దగ్గరికి వెళ్ళి నేల చూశాను. సిమెంటు మీద ఎప్పుడూ సన్నటి జీడితొక్క పొడి పరుచుకుని ఉంటుంది. ఎడమ పాదం ఆనిన చోట పొడి చెదరలేదు. కుడి పాదం వేళ్ళ దగ్గర మాత్రం నేల నున్నగా తుడిచినట్టు ఉంది. నా వీడియోలో చెయ్యే ఉంది, పాదం ఫ్రేములో లేదు.

పక్కనే ఉన్న మిషను మీది గుడ్డ తీసి కూర్చున్నాను. ఈ మిషన్లకి బ్లేడ్లు మార్చడం, స్ప్రింగులు వేయడం నా పనే. కానీ వరసగా కూర్చుని పిక్కలు కోసింది లేదు. పిక్కని రెండు బ్లేడ్ల మధ్య పెట్టాలి. కుడిచేత్తో పిడి నొక్కాలి, కుడికాలితో పెడల్ తొక్కాలి. రెండూ ఒకే దెబ్బగా పడాలి, లేకపోతే లోపలి పప్పు విరుగుతుంది. పది పిక్కలు కోసేసరికి నా చెయ్యి మూసుకుంటే కాలు దానంతటదే దిగుతోంది. మరదలు ఇంటర్ నుంచీ ఈ మిషను మీద కూర్చుంటోంది.

"నువ్వు పిస్తోలు కాల్చట్లేదు, పిక్క కోస్తున్నావు," అన్నాను.

ఆమె లేచి గీత దగ్గర నిలబడి, ఖాళీ చెయ్యి చాచి, లేని ట్రిగ్గర్ నొక్కి, కిందికి చూసుకుంది. కుడి పాదం వేళ్ళు నేలని తొక్కాయి. మళ్ళీ నొక్కింది. మళ్ళీ తొక్కాయి. "ఓసి దీనమ్మ," అంది నెమ్మదిగా, కాలితోనే మాట్లాడుతున్నట్టు.

ఉత్త ట్రిగ్గర్ నొక్కినప్పుడు ధ్యాసంతా బద్ద మీద ఉండేది కాబట్టి కాలు ఊరుకునేది. పెల్లెట్ వేస్తే అది నిజం పని. నిజం పని అనగానే కాలూ చెయ్యీ కలిసిపోయేవి. కాలు దిగితే నడుం రవ్వంత కుంగుతుంది, వెనకే వేళ్ళు పిండుతాయి.

పాదం కింద ఏం పెట్టాలని ఆలోచించాం. నేను అప్పడం అన్నాను. తొక్కితే విరుగుతుంది, తెలిసిపోతుంది. అత్త ఒప్పుకోలేదు. తినేది కాలి కింద పెడితే ఇంట్లోంచి ఇద్దర్నీ గెంటేస్తానంది. మరదలే బయటికి వెళ్ళి జీడితోటలోంచి ఎండుటాకులు ఒడినిండా తెచ్చింది. జీడి ఎండుటాకు మందంగా ఉంటుంది, ఏ మాత్రం నొక్కినా చప్పుడు చేస్తుంది. చెప్పులు విడిచి, కుడి పాదం వేళ్ళ కింద ఒకటి పెట్టుకుంది. మొదటి షాట్‌కి ముందే ఆకు చప్పుడైంది. తర్వాత పిస్తోలు పేలింది. ఎడమకి, కిందికి.

ఆ రెండు చప్పుళ్ళ వరస చెవికి తెలిశాక పని సులువైంది. ఆకు చప్పుడైతే షాట్ ఆపి, చెయ్యి దించి, ఊపిరి తీసుకుని మళ్ళీ ఎత్తాలి. చాలాసేపు ఎత్తడం, దించడమే జరిగింది.

ఒక చిక్కు మిగిలింది. పొద్దున్న మిషను మీద కాలూ చెయ్యీ కలిపి, సాయంత్రం విడదీస్తే ఏం లాభం? మిషను మీద కూడా వేరువేరుగా నొక్కి అలవాటు చేసుకుంటానంది మరదలు.

అత్త చేట కింద పెట్టింది. "ఏలు పోద్ది. ఆ ఏలు నేకపోతే నీ పిస్తోలు ఏటి నొక్కుతావు? రేపు తొక్క తీసే కాడ కూకో. నీ పిక్కలు కూడా నానే కోత్తాను."

"నీకు సెయ్యి నొప్పి కదే."

"నొప్పి ఉంటే నీ బావ ఒత్తుతాడు. ఊరికే జీడిబద్దలు తిన్నాడు కాదూ."

శనివారం ఆమె ఆడవాళ్ళ మధ్య కూర్చుని, పప్పు మీది పొట్టు గోటితో తీసింది. అత్త మిషను మోత షెడ్డంతా వినిపిస్తూనే ఉంది. సాయంత్రం ఆకు మీద నిలబడితే చాలాసార్లు చప్పుడు కాలేదు.

ఆదివారం టెక్కలి హాల్లో ఆకు పెట్టనివ్వలేదు. బూట్లు వేసుకోవాలి. మరదలు గీత దగ్గర నిలబడి వెనక్కి తిరిగి నన్ను చూసింది. నేను చేయగలిగిందేమీ లేదు. పదేసి షాట్ల చొప్పున ఆరు వరసలు. ఎనభై ఆరు, ఎనభై ఎనిమిది, ఎనభై ఐదు, ఎనభై నాలుగు, ఎనభై ఎనిమిది. ఆఖరి వరసకి ఎనభై తొమ్మిది కావాలి. అందులో మొదటిది ఏడు, రెండోది ఎనిమిది. రెండూ ఎడమకి, కిందికే.

ఆమె పిస్తోలు బల్ల మీద పెట్టింది. కుడి బూటు ముందుభాగం కొంచెం పైకి లేచి, మళ్ళీ నెమ్మదిగా ఆనింది. లోపల వేళ్ళు పైకి ముడుచుకుందని తర్వాత చెప్పింది. తొమ్మిది, పది, తొమ్మిది, తొమ్మిది, పది, తొమ్మిది. మధ్యలో మూడుసార్లు ఎత్తి, కొట్టకుండా దించింది. సార్ గడియారం చూశాడు. తొమ్మిది. పది.

సార్ టార్గెట్లన్నీ బల్ల మీద పరిచి రెండుసార్లు కూడాడు. ఐదు వందల ఇరవై ఒకటి. పెట్టెని ఆమె వైపు జరిపి, "పెల్లెట్లు ఇంకో డబ్బా తీసుకెళ్ళు," అన్నాడు.

పలాస బస్సులో పెట్టె ఆమె ఒళ్ళో ఉంది, టార్గెట్ల కట్ట నా ఒళ్ళో ఉంది.

"ఎన్ని బావా?"

"ఐదు వందల ఇరవై ఒకటి. విన్నావు కదా."

"అది కాదు. ఎడమకి, కిందికి."

కట్ట విప్పి, ఒక్కో కాగితం కిటికీ వెలుతురులో పెట్టి లెక్కపెట్టాను.

అరవైలో తొమ్మిది.