పున్నమి దాటాక చూసిన సముద్రం

మా అమ్మ కాపురానికి వచ్చిన కొత్తలోనే సముద్రం చూడాలని అడిగిందట. తిరువూరులో మాకు మామిడితోట ఉండేది. మాఘ పున్నమికి జనం హంసలదీవి వెళ్లి సముద్రస్నానం చేసే రోజుల్లో తోటంతా పూత మీద ఉంటుంది. పూత వదిలి కదిలేది లేదని నాన్న ఏటా అదే పాట పాడేవాడు.

డెబ్బైల మొదట్లో ఒక ఏడు అమ్మ టైఫాయిడ్‌తో మంచం పట్టి, బతికి బట్టకట్టింది. అన్నాళ్లూ చాకిరీ చేసింది నాయనమ్మే. లేచాక అమ్మ, "ఈసారి తీసుకెళ్లకపోతే నేనే బస్సెక్కుతాను" అంది. నాన్న పూత వదిలి బయల్దేరాడు. వెంట నాయనమ్మ, పదేళ్ల దాన్ని నేను.

విస్సన్నపేట దాటగానే బస్సు చెడిపోయింది. బెజవాడ చేరేసరికి అవనిగడ్డ ఆఖరి బస్సు వెళ్లిపోయింది. హంసలదీవిలో దిగేటప్పటికి పున్నమి వెళ్లిపోయింది. తిరణాల జనమంతా ఇళ్లకు మళ్లుతుంటే మేం ఎదురు నడిచాం.

పర్వదినాన తప్ప సముద్రాన్ని ముట్టుకోకూడదని నాయనమ్మ పట్టు. అమ్మ పొడి ఇసుకలోనే నిలబడిపోయింది. "చూశాగా అత్తయ్యా, చాలు" అంది. చాలలేదని ఆ గొంతే చెప్పింది. నాకు నాయనమ్మ మీద ఒళ్లు మండింది. నీళ్లకు పున్నమి ఏంటి, పాడ్యమి ఏంటి?

నాన్న దగ్గర మామిడి అంట్లు కొన్న రైతొకాయన ఎదురుమొండి దీవిలో ఉండేవాడు. ఇంత దూరం వచ్చాం గదా అని మర్నాడు నాగాయలంక వెళ్లి పడవెక్కాం. కృష్ణ సముద్రంలో కలిసే చోటది. ఎటు చూసినా నీళ్లు, మడచెట్లు, కొంగలు. పడవ దీవి ఒడ్డు దాకా రాలేదు. మోకాలి లోతులో ఆగింది.

దిగి నడవాలనేసరికి అమ్మ ఆగిపోయింది. "ఇది సముద్రమా, కృష్ణా?" అని పడవాయన్ని అడిగింది.

"రెండూనమ్మా. పోటొస్తే సముద్రం, పాటొచ్చి అది వెనక్కి పోతే కృష్ణ. నోట్లో పోసుకుంటే తెలుస్తది" అన్నాడాయన.

నాయనమ్మ అంచు మీద నుంచి వంగి, దోసెడు నీళ్లు తీసుకుని నోట్లో పోసుకుంది. పక్కనే ఉన్న నాకు ఆమె మొహం ముడుచుకుపోవడం స్పష్టంగా కనిపించింది. అబద్ధమాడితే కళ్లు పోతాయని నన్ను రోజూ బెదిరించే మనిషి ఆమె.

గుటక వేసి, "కృష్ణమ్మే. తియ్యగా ఉన్నాయి. నదికి తిథులేంటి అమ్మాయ్, దిగు. తల కూడా తడుపుకో" అంది.

అమ్మ కట్టుచీరతోనే దిగి, ఆ మోకాలి లోతులోనే కూర్చుని మునిగింది. లేచి పెదవులు తుడుచుకోబోయి చెయ్యి ఆపేసింది. అత్తగారి వంక చూసింది. నాయనమ్మ కొంగల్ని చూస్తోంది.

జ్వరం వచ్చాక అమ్మ అంత హాయిగా నవ్వడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"నిజమే అత్తయ్యా, తియ్యగానే ఉన్నాయి" అని మళ్లీ మునిగింది.