గండయ్య పరిచిన చిన్న పట్టాలు

నూలు దొరకక మోత్కూర్ గండయ్య మగ్గం అమ్మేశాడు. నేత తప్ప వేరే పని ఎరుగనివాడికి అంత తెగింపు ఓవర్సీర్ రఘుపతి మాటతో వచ్చింది. “డ్యాము కాడ రాళ్లు మోసే చిన్న రైలుకు నమూనా చెయ్యి. నల్గొండ ఎగ్జిబిషన్ల అది నడిస్తే, మా వర్క్‌షాపుల నీకు పక్కా నౌకరీ.”

మొదట గండయ్యకు అంతా అయోమయమే. “చిన్న లైనంటే డ్రైవర్ బొమ్మ గూడ పొట్టిగనే చెయ్యాల్నా సారూ?”

రఘుపతి పగలబడి నవ్వాడు. “పట్టాలు ఇరుకైతే మనిషి కురచైతడా? అసలు దాంట్ల అడుగుకు మన దాంట్ల అంగుళం, అది స్కేలు. పట్టాల నడుమ ఎడం గేజు. అసలు లైను రెండున్నర అడుగులు, మనది రెండున్నర అంగుళాలు.”

గండయ్య ఆ మాటలు జపంలా వల్లించుకున్నాడు. చెక్క స్లీపర్లకు గాళ్లు తొలిచి, వాటిల్లో పట్టాలు బిగించాడు. ఇంజన్ మాత్రం పట్నంలో చేయించారు. ఎగ్జిబిషన్ పొద్దున అది చేతికొచ్చింది. పట్టాల మీద పెడితే చక్రాలు లోపలికి దిగనే లేదు. పట్టాల నడుమ దిగాల్సిన చక్రాల అంచులు పట్టాలపైకెక్కి కూర్చున్నాయి.

రఘుపతి పరుగున వచ్చాడు. “ఎక్కడికెల్లి కొలిచినవ్?”

“బట్ట పన్నా, అదే ఎడల్పు, కొలిచినట్టే సారూ. గీ అంచు కాడికెల్లి గా అంచు దాంక.”

“కొంప ముంచినవ్! బట్టకు అంచు గూడ లెక్కే. గేజుల పట్టా మందం లెక్కకు రాదు. లోపలికెల్లి లోపలికి కొలవాలె!”

తెలిసీ ఏం లాభం? తొలిచిన గాళ్లు జరుగుతాయా?

“కాళ్లు మొక్కుత, ఒక్క దినం ఇయ్యుండ్రి.”

“పెద్దసార్లు గేటు కాడికొచ్చిండ్రు!”

గండయ్య ఇంజన్‌ను జారిపడకుండా నల్లదారంతో పట్టాలకు కట్టాడు. దేవుడా, ఎవరూ ముట్టుకోకుంటే చాలు!

పెద్దసారు వచ్చీరాగానే వేలితో నెట్టాడు. దారం తెగింది. ఇంజన్ బోర్లా పడింది. జనం గొల్లున నవ్వారు. “ఎవరయ్యా ఇది చేసింది?” అని ఆయన గద్దించాడు. గండయ్య తలెత్తలేదు. రఘుపతి రెండడుగులు వెనక్కి జరిగాడు.

గుంపు వెనకాల, ఉన్నంతలో మంచి చీర కట్టుకొచ్చిన గండయ్య భార్య రాజమణి ఉంది. ఆమెకు ముందేం జరిగిందో కనబడలేదు. నవ్వులు వినబడ్డాయి, ఎవరు చేశారన్న మాట వినబడింది. మునివేళ్ల మీద లేచి, చెయ్యెత్తి, అందరికీ వినబడేలా కేకేసింది.

“మా ఇంటాయన, సారూ! మా ఇంటాయననే చేసిండు!”