చోడి జావలో పెళ్ళి గరిటె

వంటమేస్త్రి సింహాచలం పెళ్ళిళ్ళలో మిగిలింది తెచ్చి లేనివాళ్ళకు పంచుతాడని మావాళ్ళందరూ చెబుతారు. అబద్ధం. చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను.

తొంభై ఎనిమిది వేసవిలో మా ఆడపడుచు కూతురి పెళ్ళి వంటకు ఆయన్ని కుదుర్చుకోవడానికి అనకాపల్లిలో ఉదయం ఆరుంపావు నర్సీపట్నం బస్సెక్కాను. టికెట్టు పద్నాలుగు రూపాయలు. తాళ్ళపాలెంలో జీడిపిక్కల సంచితో ఒక పెద్దాయన ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. ఎవరి దగ్గరికి వెళుతున్నానో చెప్పగానే, "ఆ మిగుళ్ళ మేస్త్రి కాడికా?" అన్నాడు.

"మీరు చూశారా?"

"నేదమ్మా. అందరూ అదే అంతన్నారు."

మాకవరపాలెం దాకా వాదించాను. అప్పటికి నేనూ చూడలేదనుకోండి.

నర్సీపట్నంలో దిగేసరికి ఎనిమిది. బస్సు కాంప్లెక్సు ఎదుట ఇడ్లీ తిన్నాను. చట్నీ నీళ్ళు, వెళ్ళేవాళ్ళు కారప్పొడి అడగండి. మేస్త్రి ఇంటికి వెళితే సత్రంలో ఉన్నాడన్నారు. ఏజెన్సీ కొండల నుంచి వైద్యానికి దిగివచ్చినవాళ్ళు తలదాచుకునే చోటది. పెళ్ళిళ్ళు లేని రోజుల్లో ఆయన పొయ్యి అక్కడే. మిగుళ్ళు కావు, నా కళ్ళెదుటే బియ్యం కడిగాడు, వంకాయలు తరిగి సాంబారు కాచాడు, పెళ్ళివంటలో వేసే ఇంగువే వేశాడు.

పదకొండున్నరకు వడ్డన. అందరూ తిన్నారు, మూలనున్న బాలింత తప్ప. ఆమె ఒళ్ళో నాలుగు రోజుల పసిగుడ్డు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. తల్లికి పాలు సరిగా పడలేదు. నిన్న కూడా విస్తరి పక్కకు జరిపేసిందట.

"బిడ్డ కోసమైనా తినాలమ్మా. ఇంత ఆకలిలో పట్టింపులేమిటి?" అని గట్టిగానే మందలించాను. ఆమె తల మరింత వంచుకుంది.

మేస్త్రి గరిటె పట్టుకునే వచ్చాడు. "అమ్మగారూ, మీరు కాసేపు ఊరుకోండి," అని ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. "మీ ఊర్లో బాలింతకి ఏటెడతారమ్మా?"

తలెత్తకుండానే, "చోడి జావ," అంది. "వంకాయ, పప్పు కూడదు. మా అత్త సెప్పింది."

"మరి నిన్ననే సెప్పకపోయావా?"

"ఎవులడిగినారు?"

మేస్త్రి నుదురు కొట్టుకుని లేచాడు. తనే కొట్టుకు వెళ్ళి చోడిపిండి, అదే రాగిపిండి, తెచ్చాడు. చన్నీళ్ళలో కలిపి, మరిగే నీళ్ళలోకి సన్నని ధారగా పోశాడు. ఐదువందల మందికి పాయసం తిప్పే గరిటె ఆ చిన్న గిన్నెలో పట్టలేదు. తిరగేసి కాడతో కలిపాడు. ఒక్క ఉండ కట్టలేదు.

ఆమె రెండు గ్లాసులు తాగింది.

"బాగుందా?"

"పల్సగుంది. మా అత్త సిక్కగా కాస్తాది."

"మీ అత్తతో నాకు పోటీయేటమ్మా! రేపు సిక్కగానే కాస్తాను, బేగి ఇంకో గ్లాసు తాగు."

మూడింటి బస్సుకు నేను లేచేసరికి పసివాడు రొమ్ము పట్టి గుటకలు వేస్తున్నాడు. పెళ్ళి సంగతి నాకు గుమ్మం దగ్గర గుర్తొచ్చింది. మేస్త్రి సరేనన్నాడు.

తిరుగుదారిలో కిటికీ పక్క సీటు దొరికింది. ముందు సీట్లోవాళ్ళు డ్రైవరుతో ఏదో తగువు పెట్టుకున్నారు, నేను కలగజేసుకోలేదు. మేస్త్రి నన్నూరుకోమన్నందుకు కోపం తాళ్ళపాలెం దాటేలోపే పోయింది. పోనిది ఒకటే. ఇంత నోరున్నదాన్ని, "ఏం తింటావమ్మా?" అన్న ఒక్క మాట ఆ నోటికి ఎందుకు రాలేదు?